గని మీద మాట చెప్పడానికి ఆదివాసీలకు డబ్బు ఎవరివ్వాలి, ఎప్పుడివ్వాలి? (కెనడా పద్ధతి, మన ఏజెన్సీ సంగతి)

శ్రీను_సడ్బరీ

అందరికీ నమస్కారం. నేను ఆంటారియోలో గనుల దగ్గర నీటి నాణ్యత పరీక్షల పని చేస్తాను. ఈ వైపు గనుల్లో, కన్సల్టెన్సీల్లో మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. నలుగురు కలిస్తే ఒక మాట తప్పకుండా వస్తుంది: గనికి అడ్డం చెప్పే ఆదివాసీలకు గవర్నమెంటే ఎదురు డబ్బులిస్తోంది, మన టాక్సులన్నీ ఇలా పోతున్నాయి అని. పద్ధతి ఏమిటో తెలియకుండా అనేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇక్కడ పెద్ద గని రావాలంటే 2019 చట్టం కింద ఫెడరల్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ ఏజెన్సీ (ప్రాజెక్టు వల్ల ఏమవుతుందో అంచనా వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సమీక్ష ఉంటుంది. ప్రావిన్సు సమీక్ష వేరు. ఫెడరల్ సమీక్షలో పాల్గొనే ఫస్ట్ నేషన్స్‌కి, ఇన్యూట్, మేటీ సమూహాలకి (కెనడా ఆదివాసీల్లో మూడు వర్గాలివి) ఆ సంస్థ ఆర్థిక సాయం చేస్తుంది. మామూలు పౌరులు, లాభాపేక్ష లేని సంఘాలు కూడా అడగొచ్చు. గని కావాలన్నా ఇస్తారు, వద్దన్నా ఇస్తారు. ఆ డబ్బు పోయేది పెద్దలకిచ్చే గౌరవ భృతికి, ప్రయాణాలకి, హాలు అద్దెకి, అనువాదానికి, అన్నిటికన్నా ముఖ్యంగా సొంత నిపుణుల ఫీజుకి.

నిపుణులు ఎందుకంటే, నా పనిలోంచే చెప్తాను. కంపెనీ నివేదిక వేల పేజీలుంటుంది. అందులో నీటి అధ్యాయం తీయండి. గని వ్యర్థాల చెరువు నుంచి కిందికి ఊరే నీటిలో ఇంత శాతం బావులతో పట్టి వెనక్కి తోడేస్తాం అని ఒక వాక్యం ఉంటుంది. దిగువ వాగులో సల్ఫేట్ ఎంత, చేపలకి ప్రమాదమా కాదా అనే గ్రాఫులన్నీ ఆ ఒక్క శాతం మీదే నిలబడతాయి. అది పది పాయింట్లు తగ్గిందంటే గ్రాఫు మారిపోతుంది. ఆ వాక్యం ఏ అనుబంధంలో ఉందో వెతికి, ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలంటే భూగర్భ జలాలు తెలిసిన మనిషి ఒకరుండాలి. కంపెనీకి అలాంటివాళ్లు డజను మంది. చేపలు పట్టుకుని బతికే ఊరికి ఒక్కరైనా ఉండొద్దా?

రాజశేఖర్_కాల్గరీ

శ్రీను గారూ, నేను ఖనిజాన్వేషణలో ఉన్న జియాలజిస్టుని. అవతలి వైపు మాట కూడా చెప్పాలి కదా. నిపుణులు ప్రభుత్వం దగ్గరే ఉన్నారు. బ్రిటిష్ కొలంబియాలో న్యూ ప్రాస్పెరిటీ రాగి, బంగారం ప్రాజెక్టు తీసుకోండి. వ్యర్థాల చెరువు ఊటని కంపెనీ తక్కువగా లెక్కేసిందని సమీక్షా ప్యానెల్ 2013లో తేల్చింది. దాన్ని గట్టిగా ఎత్తి చూపింది ఫెడరల్ సహజ వనరుల శాఖ శాస్త్రవేత్తలే. మళ్లీ ఇంకో నిపుణుణ్ని ఎందుకు పెట్టాలి?

రెండో సంగతి. కంపెనీలు కూడా ఆ సమూహాలకి సామర్థ్య నిధులని, ఒప్పందాలని విడిగా ఇస్తున్నాయి. రెండు చోట్ల నుంచి వచ్చిన డబ్బు చివరికి పోయేది వాంకూవర్, టొరంటో కన్సల్టెంట్ల జేబుల్లోకే. ఊళ్లో ఏం మిగులుతోంది? రాగి లేకుండా ఎలక్ట్రిక్ కార్లు రావు. మొదటి డ్రిల్లింగు నుంచి ఉత్పత్తి దాకా పదేళ్లు పైనే పడుతోంది.

లలిత_థండర్‌బే

రాజశేఖర్ గారు చెప్పిన కన్సల్టెంట్ల మాట నిజమే. నేను ఒక ఫస్ట్ నేషన్ ఆఫీసుకి అకౌంట్లు చూస్తాను, బిల్లులు నా టేబుల్ మీద నుంచే వెళ్తాయి. అయితే అలా ఎందుకవుతోందో కూడా చూడాలి.

డబ్బు ప్రాజెక్టుల వారీగా వస్తుంది. ఈ గనికి ఇంత, ఆ రోడ్డుకి ఇంత. ఈ సమీక్ష అయిపోతే ఆ డబ్బూ అయిపోతుంది. అలాంటి డబ్బుతో ఊళ్లో పుట్టి చదువుకున్న పిల్లని పర్మనెంటుగా ఉద్యోగంలో ఎలా పెట్టుకుంటారు? పెట్టుకోలేరు కాబట్టి గంటల లెక్కన ఫీజు తీసుకునే సిటీ కన్సల్టెంటుని పిలుస్తారు. రెండేళ్ల తర్వాత ఇంకో గని వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు. పోయినసారి ఏం జరిగిందో గుర్తున్న మనిషి ఆఫీసులో ఉండడు.

పైగా ఖర్చులో చాలా భాగం ముందు పెట్టుకుని, రసీదులు పంపితే తర్వాత వస్తుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన స్నోమొబైల్ మీద తన వేట దారి పొడవునా తిరిగి, బెర్రీలెక్కడ, దుప్పులు ఈనే చోటెక్కడ, పాత సమాధులెక్కడ అని మ్యాపు మీద గుర్తులు పెట్టి ఇచ్చారు. పెట్రోలు బంధువుల ఇంట్లో పోయించుకున్నారు. రసీదు ఎక్కడి నుంచి తేవాలి? ఆ సమీక్ష మొత్తానికి అంత విలువైన కాగితం ఇంకోటి లేదు. కానీ కన్సల్టెంటు విమాన టికెట్టు ఒక్క రోజులో పాసవుతుంది, ఆయన పెట్రోలు డబ్బుల కోసం నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాయాలి.

గడువు సంగతి చెప్పనే లేదు. వ్యాఖ్యలు పంపడానికి నెలా, నెలన్నరా ఇస్తారు. అది వసంతకాలంలో బాతుల వేట రోజుల్లో పడిందంటే ఊళ్లో సగం మంది బయటే ఉంటారు.

శ్రీను_సడ్బరీ

న్యూ ప్రాస్పెరిటీ మాట ఎత్తారు కాబట్టి, రాజశేఖర్ గారూ. ఊట లెక్క ప్రభుత్వ శాస్త్రవేత్తలు చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ అదే ప్యానెల్ ఇంకో విషయం కూడా తేల్చింది. ఆ నేలని అక్కడి ఆదివాసీలైన సిల్కోటిన్ ప్రజలు వాడుకునే తీరుకి, వాళ్ల సాంస్కృతిక వారసత్వానికి తీవ్రమైన నష్టం జరుగుతుందని. టెజ్టాన్ బినీ అనే ఆ చెరువు దగ్గర ఏ కుటుంబం ఏం చేస్తుందో ఏ శాఖ ఫైల్లో దొరుకుతుంది? ఆ మనుషులొచ్చి చెప్పారు కాబట్టే అది రిపోర్టులోకెక్కింది. 2014 ఫిబ్రవరిలో ఫెడరల్ ప్రభుత్వం ఆ గనిని రెండోసారి తిరస్కరించింది. మొదటిసారి 2010లో.

ఇక నిధి ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పాలంటే క్లైడ్ రివర్ కేసు. అది గని కేసు కాదు, సముద్రం అడుగున చమురు కోసం చేసే భూకంప తరంగాల సర్వే. విషయం మాత్రం ఇదే. బాఫిన్ దీవిలో చిన్న ఇన్యూట్ ఊరు. సముద్ర జీవాలకి ఏమవుతుందని ఊరివాళ్లు ఎదురుగా అడిగితే కంపెనీల ప్రతినిధులు జవాబు చెప్పలేకపోయారు. నెలల తర్వాత 3,926 పేజీల పత్రం దాఖలు చేశారు. ఊళ్లో ఇంటర్నెట్ ఎంత నెమ్మదంటే ఆ ఫైలు దిగడమే కష్టం. ఇనుక్టిటుట్‌లోకి, అంటే వాళ్ల భాషలోకి, అనువదించింది అందులో కొద్ది భాగమే. ఊరికి పాల్గొనే నిధి ఇవ్వలేదు, మౌఖిక విచారణా జరపలేదు. 2017 జూలైలో సుప్రీంకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది.

అదే రోజు ఇంకో తీర్పు వచ్చింది, చిప్పెవాస్ ఆఫ్ ది థేమ్స్ అనే ఫస్ట్ నేషన్ వేసిన పైప్‌లైన్ కేసులో. అక్కడ వాళ్లకి నిధి ఇచ్చారు, విచారణలో సాక్ష్యం చెప్పనిచ్చారు. సంప్రదింపు సరిపోయిందని కోర్టు తేల్చింది, ఫస్ట్ నేషన్ ఓడిపోయింది. కంపెనీల వైపు నుంచి ఆలోచించే మిత్రులు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. ముందే నిధి ఇచ్చి, అడిగినదానికి జవాబు చెప్పిన చోట అనుమతి కోర్టులో నిలబడింది.

అనూష_ఎమ్మెస్

శ్రీను గారూ, అక్కా, నేను ఇక్కడ పర్యావరణ విధానం చదువుతున్నాను. ఇదంతా 2019 చట్టంతో మొదలైందా? మా క్లాసులో బెర్గర్ విచారణ అని చెప్పారు.

కిరణ్_వాంకూవర్

అంతకు చాలా ముందు నుంచే ఉందమ్మా. 1974లో మెకంజీ లోయ గ్యాస్ పైప్‌లైన్ మీద జస్టిస్ థామస్ బెర్గర్‌ని విచారణకి వేశారు. ఆయన చేసిన మొదటి మంచి పని, ఆదివాసీ సంఘాలకీ పర్యావరణ సంఘాలకీ ప్రభుత్వం చేత డబ్బు ఇప్పించడం. ఆ తర్వాత తనే 35 ఊళ్లు తిరిగి, వాళ్ల భాషల్లో చెబుతుంటే విన్నారు. 1977 రిపోర్టులో ఆ లోయలో పదేళ్ల పాటు పైప్‌లైన్ వద్దన్నారు, ముందు భూమి హక్కులు తేల్చమన్నారు. నిధి ఇవ్వాలనే ఆలోచన ఇక్కడ గట్టిపడింది అప్పుడే.

ఇప్పటి పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఈ నిధి ఎవరో రాసిన పత్రం మీద వ్యాఖ్యలు రాయడానికి మాత్రమే సరిపోతుంది. ప్రశ్నలు వాళ్లవి, అధ్యాయాలు వాళ్లవి, పద్ధతి వాళ్లది. కామ్‌లూప్స్ దగ్గర అజాక్స్ రాగి గని వచ్చినప్పుడు సెక్వెపెమ్‌క్ ప్రజల్లో రెండు సమూహాలు కలిసి సమీక్ష తామే జరిపాయి. కుటుంబాల ప్రతినిధులు, పెద్దలు, యువత కూర్చుని కంపెనీ వాదన విన్నారు, నిపుణుల వాదన విన్నారు. తమ పవిత్ర స్థలం పిప్సెల్‌లో గనికి ఒప్పుకోమని 2017 మార్చిలో చెప్పారు. అదే డిసెంబర్లో ప్రావిన్సు, మరుసటి ఏడాది ఫెడరల్ ప్రభుత్వం కూడా కాదన్నాయి.

ఇంకో వైపు టాల్టన్ అనే ఫస్ట్ నేషన్ వాళ్లు. ఎస్కే క్రీక్ బంగారు, వెండి గని విషయంలో 2022లో బ్రిటిష్ కొలంబియాతో ఒప్పందం చేసుకున్నారు. వాళ్ల సమ్మతి లేకుండా ఆ గని సమీక్ష పూర్తి కాకూడదన్నది ఆ ఒప్పందం. టాల్టన్ వాళ్లు గనులకి వ్యతిరేకులు కారు, గనుల్లో పనిచేసేవాళ్లు వాళ్లలో చాలామంది. తమ సొంత అంచనా తాము వేసుకోవాలన్నారు, అంతే. నిధి ఇవ్వాల్సింది ఇలాంటి పనికి.

రాజశేఖర్_కాల్గరీ

కోర్టు తీర్పుల మాట బాగుంది శ్రీను గారూ, అది మా మేనేజ్‌మెంటుకి కూడా అర్థమయ్యే భాష. కానీ కంపెనీ ఇచ్చే డబ్బు మీద నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. గని పెట్టేవాడి దగ్గర డబ్బు తీసుకుని ఆ గనినే సమీక్షిస్తే దాన్ని ఎవరు నమ్ముతారు? ఊళ్లోవాళ్లే మావాళ్లు అమ్ముడుపోయారంటారు.

శ్రీను_సడ్బరీ

అలా అనేవాళ్లు ఉన్నారు. చాలా ఒప్పందాలు రహస్యంగా ఉంటాయి కాబట్టి అనుమానం ఇంకా పెరుగుతుంది. కానీ డబ్బు తీసుకున్నవాళ్లు తప్పకుండా తలూపుతారని నేను నమ్మను. నూనావుట్‌లో మేరీ రివర్ ఇనుప గని ఉంది. అక్కడి కికిక్తానీ ఇన్యూట్ సంఘానికి ఆ గని నుంచి రాయల్టీ వస్తుంది. ఉత్పత్తిని ఏడాదికి 60 లక్షల టన్నుల నుంచి కోటీ 20 లక్షలకి పెంచి, ఓడరేవు దాకా రైలు వేస్తామని కంపెనీ అడిగితే ఆ సంఘమే 2021లో మద్దతివ్వలేమంది. నార్వాల్ తిమింగలాలు, కారిబూ దుప్పులు ఏమవుతాయన్నది వాళ్ల భయం. 2022 నవంబర్లో మంత్రి ఆ విస్తరణని తిరస్కరించారు.

అయినా నా వరకు నేను చెప్పేది ఒకటే. ఖర్చు కంపెనీ భరించాలి, చెక్కు మాత్రం కంపెనీ చేత్తో రాయకూడదు. మధ్యలో స్వతంత్ర సంస్థ ఉండాలి. నిపుణుణ్ని ఎంచుకునేది ఊరు. ఆ నిపుణుడు జవాబు చెప్పేది ఊరికి.

లలిత_థండర్‌బే

మా వైపు పరిస్థితి కూడా చెప్పనివ్వండి. ఉత్తర ఆంటారియోలో రింగ్ ఆఫ్ ఫైర్ అని నికెల్, క్రోమైట్ ఉన్న ప్రాంతం. నేలంతా చిత్తడి, పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల). వేల ఏళ్ల కార్బన్ అందులోనే నిలవుంది. అక్కడికి రోడ్డు కావాలని వెబెక్వే, మార్టెన్ ఫాల్స్ ఫస్ట్ నేషన్సే స్వయంగా సమీక్షకి ముందుకొచ్చాయి. ఆదివాసీలంటే అందరిదీ ఒకే మాట అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

వాళ్ల పొరుగునే నెస్కంటగా ఉంది. ఆ ఊళ్లో కుళాయి నీళ్లు కాచి తాగండన్న హెచ్చరిక 1995 ఫిబ్రవరిలో పెట్టారు. ఆ హెచ్చరిక కిందే పుట్టి, పెరిగి, పిల్లల్ని కన్నవాళ్లున్నారు. ఇంటికి నీళ్ల సీసాలు మోసుకెళ్లే మనిషిని పట్టుకుని, ఈ రోడ్డు నివేదిక చదివి అభిప్రాయం పంపండి, నిధి కావాలంటే ఈ ఫారం నింపండి అంటున్నాం. ఇంతకాలం తాగునీళ్లివ్వలేని ప్రభుత్వం మీ నీళ్లకి మాది హామీ అంటే వాళ్లెందుకు నమ్మాలి?

2025 జూన్‌లో ఆంటారియో ఒక చట్టం, ఫెడరల్ ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చాయి, పెద్ద ప్రాజెక్టుల్ని త్వరగా పాస్ చెయ్యడానికి. నిధి అలాగే ఉండి టైము తగ్గిపోతే ఆ నిధి ఏం చేసుకోవాలి? ఇవాళ ఫండింగ్ లెటర్ వస్తే, నిపుణుణ్ని వెతికి, ఒప్పందం రాసుకుని, ఆయన చదివి, ఊరికి చెప్పి, ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్కొక్కటీ వారాల పని. నాకే టెన్షన్ వస్తుంది, ఊళ్లో ఒక్క డెస్కు మీద నాలుగు ప్రాజెక్టుల ఫైళ్లు చూసే అమ్మాయి సంగతి ఏమిటి?

భాను_పాడేరు

ఇదంతా చదువుతుంటే మన దగ్గర పరిస్థితి కళ్ల ముందు కనిపిస్తోంది. నేను అల్లూరి జిల్లాలో గ్రామసభల పని మీద తిరుగుతుంటాను. మన 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పేపర్లు రాని చోట దండోరా వేయించాలని కూడా అందులోనే రాశారు. మంచిదే. కానీ దండోరా విని వచ్చిన మనిషి చేతిలో ఏం పెడతారు? తెలుగులో సారాంశం. నీటి లెక్కలన్నీ ఉన్న అసలు నివేదిక ఇంగ్లీషులో. ఆ తెలుగు సారాంశం కూడా కువి మాట్లాడే ముసలమ్మకి పరాయి భాషే. సభ మొదలవడానికి ఇంతమంది ఉండాలన్న కోరం లేదని కూడా నోటిఫికేషన్లోనే ఉంది. నివేదిక రాసే కన్సల్టెంటుకి ఫీజు ఇచ్చేది కంపెనీ. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టుంటుంది. ఊరికి నిపుణుడి కోసం పైసా కేటాయింపు ఎక్కడా లేదు.

రాజశేఖర్_కాల్గరీ

భాను గారూ, ఒడిశా నియమగిరిలో బాక్సైట్ గని మీద డోంగ్రియా కోందులు ఎవరి నిధీ లేకుండానే గెలిచారు కదా? 12 గ్రామసభలూ వద్దన్నాయి.

భాను_పాడేరు

గెలిచారు, ఆ పేరు చెబితే ఇప్పటికీ మా ఊళ్లలో ధైర్యం వస్తుంది. అయితే అక్కడ గ్రామసభల ముందున్న ప్రశ్న వేరు. 2013 ఏప్రిల్ తీర్పులో సుప్రీంకోర్టు వాళ్ల మత, సాంస్కృతిక హక్కుల మీదా అటవీ హక్కుల మీదా తేల్చమంది. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుణ్ని కూర్చోబెట్టింది. తమ కొండ తమకి ఏమిటో చెప్పడానికి వాళ్లకి హైడ్రాలజిస్టు అక్కర్లేదు. అదే, మీ వాగులో నీళ్లు ఎంత తగ్గుతాయి, ఎర్ర బురద (బాక్సైట్ శుద్ధి చేశాక మిగిలే వ్యర్థం) ఎక్కడ పోస్తారు అని అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం నోటిమాటకి విలువివ్వరు. "మా ఊట ఎండిపోతుంది" అని ఒకామె లేచి అంటే మినిట్స్‌లో "నీటి గురించి ఆందోళన వ్యక్తం చేశారు" అని ఒక్క లైను. అదే మాట లెక్కలతో వస్తే కంపెనీ లెక్కలతోనే జవాబు చెప్పాల్సి వస్తుంది.

డబ్బు మన దగ్గర అసలు లేదని కాదు, శ్రీను గారూ. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద వచ్చిందే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి లీజులు చెల్లవంది, నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టమంది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి వచ్చింది, రాయల్టీతో పాటు కంపెనీలు కట్టేది. రెండూ కొండ తవ్వడం మొదలయ్యాక వచ్చే డబ్బులే. తవ్వాలా వద్దా అని తేల్చుకునే రోజున మా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. కెనడాలో ఎన్ని లోపాలున్నా, ఆ డబ్బు ముందు వస్తోంది. నాకు కావాల్సింది ఆ "ముందు".

అనూష_ఎమ్మెస్

భాను గారూ, 2025 సెప్టెంబర్లో కేంద్రం అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకి ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది కదా. నల్లమలలో యురేనియం మాట మళ్లీ వస్తే చెంచులకి ఆ ఒక్క రోజు సభ కూడా ఉండదా?

భాను_పాడేరు

ఆ మినహాయింపు అలాగే ఉంటే ఈఐఏ కింద ఉండదు. పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం కింద, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ఉంటుంది. అందుకే నేను పట్టు అక్కడే పట్టమంటాను. గ్రామసభ తీర్మానంలోనే రాయించాలి: పూర్తి నివేదిక మా భాషలో కావాలి, మేం ఎంచుకున్న నిపుణుడికి ఫీజు జిల్లా యంత్రాంగం ద్వారా ఇప్పించాలి, ఆయన వచ్చి మాకు చెప్పేదాకా మా అభిప్రాయం అడగొద్దు అని.

సభ జరిగే ఖనిజాలకైతే ఇంకో దారి కూడా ఉంది. చివర్లో మాట్లాడినవన్నీ స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ సంతకం పెట్టాలి. చాలా చోట్ల చీకటి పడిందని అందరూ వెళ్లిపోతారు, ఖాళీ కుర్చీలకి చదువుతారు. వెళ్లొద్దు. కూర్చుని వినండి, నిధి అడిగిన మాట అందులో లేకపోతే లేచి చెప్పండి, రాశాకే సంతకం పెట్టమనండి.

శ్రీను_సడ్బరీ

ఇక్కడి ఫండింగ్ దరఖాస్తులో ఏ ఖర్చులు ఒప్పుకుంటారో ఆ వివరం తెలుగులో రాసి పెడతాను భాను గారూ, తీర్మానాల్లో వాడుకోవచ్చు. లలిత గారూ, మీరు చెప్పిన రసీదుల ఇబ్బంది అందులో ముందే చేరుద్దాం. ఊరి పెద్దలకి రసీదు లేకుండా రోజుకింత అని.

లలిత_థండర్‌బే

చేర్చండి. సగమైనా అడ్వాన్సుగా ఇవ్వాలని కూడా రాయండి.